స్వబుద్ధిని ఆనుకోకుండా దేవుణ్ణి నమ్మడం: ప్రార్థన కూడికల్లో తరచుగా అడిగే ప్రశ్నలు

నేను పాస్టర్ని కాను. కొత్తపట్నం వైపు నాలుగెకరాల రొయ్యల చెరువు, ఊళ్లో చిన్న బాప్టిస్టు సంఘంలో పెద్దరికం, ఆదివారం పొద్దున పిల్లలకి సండే స్కూలు, ఇంతే నా పని. బుధవారం రాత్రి ఎవరో ఒకరింట్లో కుటుంబ ప్రార్థన పెట్టుకుంటాం. ప్రార్థన ముగిసి టీ గ్లాసులు చేతికొచ్చాక అసలు ప్రశ్నలు బయటికొస్తాయి. పాస్టరు అయ్యగారి ముందు అడగడానికి మొహమాటపడేవన్నీ అప్పుడే వస్తాయి. పదేళ్లుగా అవే మళ్లీ మళ్లీ వినబడుతుంటే రాసిపెడదామనిపించింది. తప్పులుంటే నావి, అయ్యగారిని అడగొద్దు.

ఆ వచనంలో సరిగ్గా ఏముంది?

సామెతలు 3వ అధ్యాయం, 5, 6 వచనాలు. "నీ స్వబుద్ధిని ఆధారము చేసికొనక నీ పూర్ణహృదయముతో యెహోవాయందు నమ్మకముంచుము. నీ ప్రవర్తన అంతటియందు ఆయన అధికారమునకు ఒప్పుకొనుము, అప్పుడు ఆయన నీ త్రోవలను సరాళము చేయును."

క్యాలెండర్ల మీద, శుభలేఖల మీద, ఆటోల వెనక అందరం చూసేదే. ఆటో మీద జాగా చాలదు కాబట్టి "యెహోవాయందు నమ్మకముంచుము" వరకే రాయించుకుంటారు. స్వబుద్ధి మాట ఎగిరిపోతుంది. చిక్కంతా ఆ ఎగిరిపోయిన మాటలోనే ఉంది. ఏడో వచనం కూడా కలిపి చదవమని చెప్తుంటాను: "నేను జ్ఞానిని గదా అని నీవనుకొనవద్దు." అది మాత్రం ఏ ఆటో మీదా చూడలేదు.

అయితే బుద్ధి వాడొద్దనా? దేవుడిచ్చిందేగా బుద్ధి కూడా?

అన్నిటికంటే ఎక్కువసార్లు వచ్చే ప్రశ్న ఇది. ఎక్కువగా చదువుకున్న కుర్రాళ్లు అడుగుతారు, కొంచెం ఎకసెక్కంగా.

"ఆధారము చేసికొనక" అన్నచోట హీబ్రూలో ఉన్న మాటకి ఒరగడం, ఒంటి బరువు మోపడం అని అర్థం. గిల్బోవ కొండ మీద ఓడిపోయిన సౌలు రాజు తన ఈటె మీద ఆనుకుని ఉన్నాడని 2 సమూయేలు 1:6లో ఉంది, అక్కడా ఇదే మాట. కళ్లు పోగొట్టుకున్న సమ్సోను గుడి స్తంభాలకి ఒరుగుతానని పిల్లవాణ్ణి అడిగినచోటా (న్యాయాధిపతులు 16:26) ఇదే మాట. యుద్ధానికి పోయేవాడి చేతిలో ఈటె ఉండాల్సిందే. అది ఉండటం సౌలు తప్పు కాదు. ఇంకేమీ మిగలక ఒళ్లంతా దానిమీద వేసి నిలబడ్డాడు, అదీ అతని గతి.

ఇదే పుస్తకం ఇదే అధ్యాయంలో, పదమూడో వచనంలో, జ్ఞానము సంపాదించినవాడు ధన్యుడంటుంది. సోమరిని చీమల దగ్గరికి పోయి నేర్చుకోమంటుంది. బుద్ధి వద్దనే పుస్తకమైతే ముప్పై ఒక్క అధ్యాయాల పాటు బుద్ధులు ఎందుకు చెప్తుంది?

నాకు తెలిసిన పనిలోంచి చెప్తాను. రొయ్యల చెరువులో నీళ్లు ఆకుపచ్చగా ఉంటాయి, అడుగు కనబడదు. లోపల ఏం జరుగుతుందో తెలుసుకోవడానికి మాకున్నది చెక్ ట్రే. వల బిగించిన పళ్లెం అనుకోండి. దాంట్లో పిడికెడు మేత వేసి దించుతాం, రెండు గంటలయ్యాక తాడు పట్టుకుని మెల్లగా పైకి లాగుతాం. మేత మిగిలిందా లేదా, ఎక్కిన రొయ్యలు ఎగురుతున్నాయా మందంగా ఉన్నాయా చూస్తాం. ఒకదాన్ని తీసి టార్చి వెలుగుకి పట్టుకుంటే వీపు వెంబడి నల్లదారంలాగా పేగు కనబడుతుంది. దారం తెగకుండా ఉంటే తింటోందని లెక్క. ముక్కలు ముక్కలుగా ఉంటే లోపల ఏదో తేడా.

మన బుద్ధి ఆ ట్రే లాంటిది. ట్రే లాగి చూడని రైతు మూర్ఖుడు. ట్రేలో కనబడిన పది రొయ్యలే నాలుగెకరాల చెరువు అనుకునేవాడు ఇంకా పెద్ద మూర్ఖుడు. రెండో రకంలో నేను కూడా ఒకణ్ణి, కింద చెప్తాను.

ఎప్పుడు వాడుతున్నామో, ఎప్పుడు ఆనుకున్నామో ఎట్టా తెలుస్తుంది?

తెలియదు. పడ్డాక తెలుస్తుంది. పడకముందు ఒక్క గుర్తుంది: వద్దన్నవాళ్ల మీద కోపం రావడం.

ఒక పంటలో, డెబ్బై రోజులు దాటాయి. ట్రేలో వేసిన మేత వేసినట్టే అయిపోతోంది. ఇంకొంచెం వేస్తే అదీ అయిపోతోంది. నేను మీసం మీద చెయ్యేసుకుని తిరుగుతున్నాను. పక్క చెరువు లీజుకి చేసే తమ్ముడు గట్టు మీద నుంచి పిలిచాడు. "అన్నా, మా వైపు రెండు ఒడ్డుకొచ్చి తిరుగుతున్నాయి. నీవి కూడా నాలుగు తీసి ల్యాబ్‌కి పంపు" అన్నాడు. "నీకెన్నేళ్ల అనుభవంరా? మేత తినే రొయ్యకి రోగమేంది?" అన్నాను. ఇంటికొచ్చి మా ఆవిడతో ఆ మాటే గొప్పగా చెప్పాను. ఆమె కూడా "పంపితే పోయేదేముంది, నాలుగు రొయ్యలేగా" అంది. ఆమె మీదా కసురుకున్నాను.

మూడో రోజు పొద్దున గట్టు వెంబడి ఎర్రబారిన రొయ్యలు. తల మీద పెంకు ఒలిచి వెలుతురుకి పెడితే సున్నపు చుక్కల్లాగా మచ్చలు. తెల్లమచ్చ రోగం సంగతి మా వైపు పిల్లలకి కూడా తెలుసు. 1990ల్లో టైగర్ రొయ్యని తుడిచిపెట్టి ఎన్నో చెరువుల్ని బీడు చేసింది అదే. ఆ రోజే వలలేసి పట్టేశాం. ఆ కౌంటుకి, అంటే కిలోకి ఎన్ని తూగుతాయో ఆ లెక్కకి, ఆ రోజు వచ్చిన ధర మేత బాకీకి కూడా చాలలేదు.

ఆ మూడు రోజులూ నేను ప్రార్థన మానలేదు, అది చెప్పుకోవాలి. పొద్దునా సాయంత్రం మోకాళ్లేశాను. "పంట కాపాడు ప్రభువా" అన్నాను. "నేను చూస్తున్నది సరిగ్గానే చూస్తున్నానా" అని ఒక్కసారీ అడగలేదు.

తర్వాత యెహోషువ 9వ అధ్యాయం చదివినప్పుడు నన్ను చూసి రాసినట్టే అనిపించింది. గిబియోనువాళ్లు దగ్గర్లో ఉండేవాళ్లే. సంధి చేసుకోవడానికి చాలా దూరం నుంచి వచ్చామని చెప్పి ఎండిపోయి బూజుపట్టిన రొట్టెలు, చినిగిన తిత్తులు చూపించారు. ఇశ్రాయేలు పెద్దలేమీ గుడ్డిగా నమ్మలేదు. రొట్టె పట్టుకుని చూశారు. కళ్లముందున్న సాక్ష్యం అంతా పరిశీలించారు. అయినా మోసపోయారు. యెహోవా దగ్గర సెలవు తీసుకోలేదు, అదొక్కటే వాళ్ల పొరపాటుగా రాసి ఉంది.

వచనంలో "స్వ" అనే అక్షరం ఊరికే లేదు. నాకు నేనే, నాలోపల నేనే తేల్చేసుకున్న బుద్ధి. ఆలోచన చెప్పేవాళ్లు చాలామంది ఉంటే ఉద్దేశాలు నిలబడతాయని సామెతలు 15:22లో ఉంది. గట్టు మీద నుంచి పిలిచిన తమ్ముణ్ణి దేవుడే పంపాడని నేను మైకు పెట్టి సాక్ష్యం చెప్పను. కానీ వినుంటే బాగుండేది.

"దేవుడే చూసుకుంటాడు" అని ఊరుకుంటే అది విశ్వాసం కాదా?

దీని మీదా నాకు అనుభవం ఉంది, సంతోషించాల్సిన అనుభవం కాదు.

తుపాను హెచ్చరిక వచ్చిన సాయంత్రం. జనరేటర్ పక్కన డీజిల్ క్యాను సగమే ఉంది. ఒంగోలు పోయి తెచ్చుకోవాలంటే వాన. "ప్రభువు చూసుకుంటాడులే" అని పడుకున్నాను. రాత్రి ఒంటిగంటకి కరెంటు పోయింది. మూడున్నరకి డీజిల్ అయిపోయింది. నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లు ఆగాయి. చెరువులో ప్రాణవాయువు తెల్లవారుజామునే అన్నిటికంటే తక్కువ ఉంటుంది. పగలు దాన్ని తయారుచేసే నాచే రాత్రంతా తనూ పీల్చుకుంటుంది మరి. కాపలా కుర్రాడు ఫోన్ లైటు వేసుకుని ఇంటికి పరిగెత్తుకొచ్చి "అయ్యా, రొయ్య పైకి తేలింది" అన్నాడు. నీళ్ల మీద లైటు కొడితే ఎటు చూసినా కళ్లు మెరుస్తున్నాయి. నాలుగింటికి పక్కవాళ్ల దగ్గర క్యాను అప్పు తెచ్చి మళ్లీ తిప్పించాం. కొంత పోయింది, కొంత దక్కింది.

తెల్లారాక మా ఆవిడ ఒక్క ముక్కే అంది: "ప్రభువు చూశాడయ్యా. నువ్వే చూడలేదు."

మత్తయి 4లో సాతాను యేసుని దేవాలయ శిఖరం మీదికి తీసుకెళ్లి దూకమంటాడు. కీర్తన వచనం కూడా చెప్తాడు, దూతలు ఎత్తి పట్టుకుంటారు కదా అని. వచనం నిజమే, కీర్తన 91లో ఉన్నదే. దూకడం మాత్రం నమ్మకం కాదని ఆయన జవాబు: "ప్రభువైన నీ దేవుని నీవు శోధింపవలదు." డీజిల్ తెచ్చుకోకుండా పడుకోవడం శిఖరం మీంచి దూకడమే, కొంచెం చిన్న శిఖరం.

నా రెండు తప్పులూ పక్కపక్కన పెట్టి చూసుకుంటే ఒక సంగతి తేలింది. మొదటిసారి తలమీద ఆనుకున్నాను. రెండోసారి బద్ధకం మీద ఆనుకుని దానికి దేవుడి పేరు పెట్టాను. దేవుడి మీద ఆనుకున్నది రెంటిలోనూ లేదు.

మన వైపు ఈ వచనం ప్రకారం నడిచినవాళ్లు ఎవరైనా ఉన్నారా?

ఉన్నారు. మన తాతల తాతలకి తెలిసిన మనుషులే.

బాప్టిస్టు మిషనరీ శామ్యూల్ డే 1840లో నెల్లూరు వచ్చాడు. ఏళ్లు గడిచినా నమ్మినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే. ఖర్చు దండగ, మూసేద్దామా అని అమెరికాలో పెద్దలు ఒకటికి రెండుసార్లు కూర్చుని ఆలోచించారు. లెక్క చూస్తే వాళ్లన్నదే సబబు. నేనా కమిటీలో ఉంటే మూసేయమనే చెయ్యెత్తేవాణ్ణి. 1854 జనవరి 1న తెల్లవారకముందే లైమన్ జ్యూయెట్ దొర, ఆయన భార్య, ముగ్గురు తెలుగు విశ్వాసులు ఒంగోల్లో కొండెక్కి, ఈ ఊరికి ఒక సేవకుణ్ణి పంపమని ప్రార్థించారు. ఇప్పుడు మనం ప్రార్థన కొండ అంటున్నది అదే. ఆ మనిషి, జాన్ క్లౌ దొర, ఒంగోలు వచ్చి స్థిరపడింది 1866లో. పన్నెండేళ్లు పట్టింది. కొండ దిగిన మర్నాడే ఎవరూ రాలేదు.

క్లౌ గురించి నాకు నచ్చేది ఆయన ప్రసంగాలు కాదు, ఆయన గొలుసు పట్టిన మనిషి కావడం. మిషనరీ కాకముందు అమెరికాలో భూముల సర్వే చేశాడు. 1876 నుంచి 78 దాకా పెద్ద కరువు వచ్చింది. మన పెద్దవాళ్లు ధాత కరువంటారు. అప్పట్లో ఒంగోలు నెల్లూరు జిల్లాలోదే. జనం చచ్చిపోతుంటే క్లౌ ప్రార్థన చేస్తూ కూర్చోలేదు. కరువు పనిగా సర్కారు తవ్విస్తున్న బకింగ్‌హాం కాలువలో కొన్ని మైళ్ల కాంట్రాక్టు తీసుకున్నాడు. సర్వే తెలిసినవాడు కాబట్టి కొలతలేసి, మేస్త్రీలుగా తన బోధకుల్నే పెట్టి, వేలమందికి పనీ కూలీ ఇప్పించాడు. నేర్చిన విద్య మొత్తం వాడాడు.

అసలు సంగతి ఇప్పుడొస్తుంది. కాలువ పనిలో ఉన్నవాళ్లు, బోధ విన్నవాళ్లు గుంపులు గుంపులుగా వచ్చి బాప్తిస్మం ఇమ్మని అడిగారు. ఇయ్యనన్నాడు. ఏడాదికి పైగా ఒక్కరికీ ఇవ్వలేదు. గంజి కోసం వస్తున్నారేమో, కరువు పోయాక ఉంటారో పోతారో అని ఆయన భయం. మొదట ఇరవై ఏళ్లకి పైగా పెద్దగా ఎవరూ రాని మిషను, ఇప్పుడు వేలమంది గుమ్మంలో నిలబడ్డారు, మనమైతే ఆగుతామా? "దేవుడు పంపాడు, పట్టండి లెక్క" అనేవాళ్లం. ఫోటోలు కూడా తీసేవాళ్లం.

కరువు సాయం ఆగిపోయింది. ఇక పెట్టేదేమీ లేదని చెప్పినా జనం పోలేదు. అప్పుడు ఒప్పుకున్నాడు. 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం జరిగింది. ఆ అంకె మన పిల్లలకి కూడా నోటికొచ్చు. ఇయ్యనని ఆగిన ఆ ఏడాది సంగతి మాత్రం పెద్దగా ఎవరూ చెప్పరు. నాకు ఆ 2,222 కంటే ఆగిన ఏడాదే పెద్దదిగా కనబడుతుంది.

బైబిలు కళ్లు మూసుకుని తెరిచి, వేలు పెట్టినచోట వచ్చిన మాట ప్రకారం నిర్ణయం తీసుకోవచ్చా?

క్లౌ కథలోనే ఇది కూడా ఉంది. ఒంగోలు వచ్చిన కొత్తల్లో మాదిగలు నమ్మి సంఘంలోకి రావడం మొదలైంది. బడిలో చదివే పైకులాల పిల్లల పెద్దలు, వీళ్లని చేర్చుకుంటే మా పిల్లల్ని మాన్పిస్తామన్నారు. క్లౌ తన గదిలోకి పోయి ప్రార్థించి ఎదురుగా ఉన్న బైబిళ్లలో ఒకటి తెరిస్తే 1 కొరింథీయులకు మొదటి అధ్యాయం, 26వ వచనం దగ్గర వచ్చింది: మీలో లోకరీతిని జ్ఞానులు, ఘనులు, గొప్ప వంశమువారు అనేకులు పిలవబడలేదు అని. అప్పుడే ఇంకో గదిలో ఆయన భార్య తెరిచిన బైబిల్లోనూ అదే చోటు. ఆయనే చెప్పుకున్న సంగతి.

"అయితే మేమూ తెరుస్తాం" అంటారు. తెరవండి. కానీ ఆయన వేలు పెట్టకముందే ఏది న్యాయమో ఆయనకి తెలుసు. ధైర్యమే చాలడం లేదు. మనం మాత్రం తెలిసిన న్యాయం నచ్చక వేరే వచనం దొరుకుతుందేమోనని తెరుస్తాం. దొరక్కపోతే మళ్లీ తెరుస్తాం.

డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో గిన్నెలోంచి తీసే, బైబిలు వచనం రాసిన వాగ్దానం కార్డు సంగతీ అంతే. నాకిష్టమే, పర్సులో పెట్టుకుని ఏడాదంతా తిప్పుతాను. ఒక ఏడు మా మేనల్లుడు తన కార్డు నచ్చక గిన్నెలో వేసేసి ఇంకోటి తీసుకున్నాడు. వాడు చేసిన పని అందరం లోపల్లోపల చేసేదే.

ప్రవచనం చెప్పేవాళ్లు ఒకటి చెప్పారు. చేయకపోతే స్వబుద్ధి ఆనుకున్నట్టేనా?

ఫలానా సంబంధం దేవుని చిత్తం కాదన్నారని, ఫలానా స్థలం అమ్మేసి కానుక ఇమ్మన్నారని వచ్చి అడుగుతారు. ఎదుటివాడి బుద్ధి మీద ఆనుకోవడం కూడా మనిషి బుద్ధి మీద ఆనుకోవడమే. సొంతది పోయి అద్దెది వచ్చింది, అంతే తేడా.

1 రాజులు 13 చదవండి. యూదా నుంచి వచ్చిన దైవజనుడికి అక్కడ అన్నం తినొద్దు, నీళ్లు తాగొద్దని దేవుడు చెప్పాడు. బేతేలులో ఉన్న ముసలి ప్రవక్త ఒకడు "నేనూ నీలాంటి ప్రవక్తనే, దూత నాతో చెప్పాడు, మా ఇంటికి రా" అన్నాడు. అబద్ధం. ఇతను నమ్మి పోయి తిన్నాడు. దారిలో సింహం చంపింది. 1 థెస్సలొనీకయులకు 5లో ప్రవచించుటను నిర్లక్ష్యము చేయవద్దని, ఆ వెంటనే సమస్తమును పరీక్షించమని ఉంది. రెండోదాన్ని మైకులో గట్టిగా చదివేవాళ్లు తక్కువ.

డబ్బు అడిగే ప్రవచనం వస్తే నాతో చెప్పకండి, మీ ఇంట్లో ఆడవాళ్లతో చెప్పండి. వాళ్లే తేలుస్తారు.

మందులు మానేయమంటున్నారు. నమ్మకం అంటే అదేనా?

కాదు. మానొద్దు.

హిజ్కియా రాజు పుండుకి అంజూరపు పండ్ల ముద్ద కట్టమని యెషయా ప్రవక్తే చెప్పాడు. లూకా వైద్యుడు, పౌలుతో తిరిగినవాడు. ఆసా రాజు వైద్యుల్ని నమ్మి చనిపోయాడని 2 దినవృత్తాంతములు 16 చూపిస్తారు. అక్కడ వైద్యుల దగ్గరికి పోవడం తప్పని లేదు, దేవుణ్ణి అడగకుండా పోయాడని ఉంది. షుగర్ మాత్ర వేసుకుని ప్రార్థన చేసుకోండి. మా సంఘంలో ఒక పెద్దమ్మ మాత్ర మానేసి కాలివేలు పోగొట్టుకుంది. ఇప్పుడు ఇన్సులిన్ సూది చేతిలో పట్టుకుని స్తోత్రం చెప్పి మరీ వేసుకుంటుంది.

బోరు వేసేముందు పాస్టరుగారి చేత చోటు చూపించుకోవచ్చా?

కనిగిరి, మార్కాపురం వైపు బంధువులు అడుగుతారు. అక్కడ నీళ్లు పడటం ఒక కష్టం, పడ్డ నీళ్లలో ఫ్లోరైడ్ ఇంకో కష్టం. అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని పొలమంతా నడిచేవాణ్ణి మానేసి ఆ పని అయ్యగారికి అప్పజెప్తున్నారు. భూగర్భజలాల సర్వే చేయించండి, పడ్డాక నీళ్లు పరీక్ష చేయించండి. వేసేముందు అయ్యగారిని పిలిచి ప్రార్థన పెట్టించుకోండి, అందరికీ భోజనం పెట్టండి. ఆయన్ని మాత్రం కొబ్బరికాయ చేయకండి.

ఉద్యోగం, పెళ్లి, విదేశం చదువు: వీటిలో దేవుని చిత్తం ఎట్టా తెలుసుకోవాలి?

దీని మీద పుస్తకాలు చాలా ఉన్నాయి, నాకు చెప్పేది కొంచెమే. రెండు దారులూ పాపం కాకపోతే తెలిసినవాళ్లని అడగండి, లెక్కలేసుకోండి, ప్రార్థించి ఒకటి పట్టుకోండి. యాకోబు పత్రిక 4:15లో "ప్రభువు చిత్తమైతే" అనమన్నాడు. ప్లాన్ వేయొద్దనలేదు. ఇంజనీరింగ్ అయిన ప్రతివాడికీ ఆకాశం నుంచి స్వరం రాదు.

"తానొకటి తలిస్తే దైవమొకటి తలచును" అన్నా ఇదే కదా?

దగ్గర్లోదే, కానీ ఒకటి కాదు. ఆ సామెత మనం అనేది పని చెడిపోయాక, నిట్టూర్చి, తువ్వాలు దులిపి. సామెతలు 16:9లోనూ మనిషి తాను చేయబోయేది యోచించుకుంటాడు, యెహోవా వాడి నడతను స్థిరపరుస్తాడని ఉంది. మనవైపు మాటలో దైవం మన ఆలోచన చెడగొట్టేవాడు. అక్కడ ఆలోచించినవాడి అడుగు నిలబెట్టేవాడు. తలరాత అనుకుంటే అడగడానికి ఎవరూ ఉండరు. నమ్మకంలో అడగడానికీ, గొడవపడటానికీ ఒకడు ఉంటాడు.

"సరాళము చేయును" అంటే కష్టాలు తీరిపోతాయనా?

సరాళం అనే మాట ఇప్పుడు ఎవరూ వాడటంలేదు కాబట్టి ఎవరికి తోచిన అర్థం వాళ్లు పెట్టుకుంటున్నారు. సులభం అనుకునేవాళ్లే ఎక్కువ. హీబ్రూలో వంకర లేకుండా, తిన్నగా అని. తిన్నగా ఉన్న దారి ఎండలో ఉండొచ్చు, పొడుగ్గా ఉండొచ్చు.

మా చెరువు నుంచి పడమరగా పోతే బకింగ్‌హాం కాలువ వస్తుంది. ఇప్పుడు చాలాచోట్ల తుమ్మ, గుర్రపుడెక్క పట్టి ఉంది. గట్టు మీద నిలబడి చూస్తే చూపు ఆనినంత దూరం తిన్నగా కనబడుతుంది. ఆ తిన్నదనం వెనక గంజి కోసం తట్ట మోసినవాళ్ల వీపులున్నాయి. అందుకే ఎవరైనా "నా త్రోవ సరాళమైంది బ్రదర్, స్తోత్రం" అంటే నాకు ముందు ఆ తట్టలు గుర్తొస్తాయి.

నమ్మాను. అయినా పోగొట్టుకున్నాను. ఇప్పుడేం చెప్తారు?

పంట పోయినవాళ్లతో మాట్లాడగలను. బిడ్డని పోగొట్టుకున్న తల్లి అడిగినప్పుడు నేనేమీ చెప్పలేదు. చెప్పకపోవడమే సరైందని ఇప్పటికీ అనుకుంటున్నాను. యోబు స్నేహితులు ముగ్గురూ వచ్చి ఏడు పగళ్లు ఏడు రాత్రులు నేలమీద మాట్లాడకుండా కూర్చున్నారు. వాళ్లు చేసిన మంచిపని అదొక్కటే. నోరు తెరిచాకే చెడిపోయింది.

సమాధి దగ్గర ఈ వచనం దయచేసి చదవకండి. స్వబుద్ధిని ఆనుకోవద్దని ఏడుస్తున్న మనిషితో అనడం, నీకు అర్థం కాదులే ఊరుకో అనడమే. అర్థం కావటంలేదని దేవుడి మీద అరిచే హక్కు కీర్తనలు ఇచ్చాయి. "యెహోవా, ఎంతవరకు నన్ను మరచిపోవుదువు?" అని 13వ కీర్తన మొదలవుతుంది. రాసింది దావీదు, నమ్మకం లేనివాడు కాదు.

హబక్కూకు చివర్లో ఉన్న మాటలు మా రైతులకి బాగా ఎక్కుతాయి. అంజూరపు చెట్లు పూయకపోయినా, చేనిలో పైరు పంటకి రాకపోయినా, దొడ్డిలో గొర్రెలు లేకపోయినా నేను యెహోవాయందు ఆనందిస్తాను అంటాడు. పొగాకు వేలంలో ధర పడిపోయిన ఏడు ఒక ముసలాయన ఆ భాగం చదివి, దాని చివర "చెరువులో రొయ్య లేకపోయినా, బోర్డులో రేటు లేకపోయినా" అని తనే కలిపి ప్రార్థన చేశాడు. అందరం నవ్వాం. ఆయన నవ్వలేదు, ఏడుస్తున్నాడు. కాసేపటికి మేమూ నవ్వు ఆపాం.

నమ్మకం సరిపోవటంలేదు అనిపిస్తే?

మార్కు 9:24లో మూర్ఛరోగం ఉన్న కొడుకు తండ్రి చెప్పిందే చాలు: "నమ్ముచున్నాను, నాకు అపనమ్మకము ఉండకుండ సహాయము చేయుము." ఆ తండ్రి కొడుకు బాగయ్యాడు. పూర్ణహృదయం అంటే అనుమానమే లేని హృదయమని నేను అనుకోను. ఉన్నదంతా, అనుమానంతో సహా తెచ్చి పెట్టడం అనుకుంటాను.

ఈ వచనం చిన్నపిల్లలకి ఎట్టా నేర్పాలి?

మా సండే స్కూల్లో చేతులాడిస్తూ నేర్పుతాను. "స్వబుద్ధి" అన్నప్పుడు తల మీద వేలు, "పూర్ణహృదయము" అన్నప్పుడు గుండె మీద చెయ్యి. "ఆధారము" దగ్గర ఒకళ్ల మీద ఒకళ్లు ఒరుగుతారు, ఒకడు కావాలని పక్కకి జరుగుతాడు, రెండోవాడు పడతాడు, క్లాసంతా గోల. దానికంటే బాగా ఆ మాట అర్థమయ్యే పద్ధతి నాకు తెలియదు.

పోయిన నెల వచనం అప్పజెప్పించుకుంటుంటే రెండో తరగతి పిల్ల చెయ్యెత్తింది. "మాస్టారూ, స్వబుద్ధి అంటే ఎవరు? మంచిది కాదా ఆ అమ్మాయి?" అంది. మంచిదేనమ్మా, కానీ ఎప్పుడూ తను చెప్పిందే జరగాలంటుంది అన్నాను. పిల్ల కాసేపు ఆలోచించి, వెనక బెంచీలో కూర్చున్న వాళ్లక్క వైపు తిరిగి చూసింది.